బెంజూ నేర్చుకుందామని వెళ్తే చప్పట్లు కొట్టమన్నారు: మస్కట్‌లో నా ఆర్నెల్లు

2024 అక్టోబరు 18, శుక్రవారం. మస్కట్ దగ్గరి సీబ్‌లో మా కంపెనీ డ్రైవర్ వాళ్ల తమ్ముడి పెళ్లి. ఆయన ఒమానీయే గానీ ఇంట్లో మాట్లాడేది బలోచీ, పాకిస్తాన్, ఇరాన్ వైపు ఉండే బలోచ్‌వాళ్ల భాష. నేను ఏసీ మెకానిక్‌ని, మస్కట్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లూ ఆయన వ్యాన్‌లోనే తిరిగినా, ఆయన బలోచ్ అన్న సంగతి నాకు తెలిసింది మాత్రం ఆ ఏడాదే. పెళ్లికి రమ్మంటే బిర్యానీ తిని పదింటికల్లా రూముకొచ్చి పడుకుందామనుకున్నా. బలోచ్ పెళ్లిలో పదింటికి ఇంకా కుర్చీలు వేస్తుంటారని అప్పటికి తెలియదు.

పదకొండు దాటాక డోల్ మొదలైంది. దాని వెనకాల సన్నటి ఇనప తీగ మోత ఒకటి వినిపించింది. ఆ మోత నాకు బాగా తెలుసు. మా నాయన బుల్‌బుల్!

మాది రాజంపేట దగ్గర పల్లె. నేను పుట్టకముందే నాయన తిరునాళ్లలో బుల్‌బుల్ తరంగ్ ఒకటి కొన్నాడు. నీలం రెక్సిన్ పెట్టె, టైప్‌రైటర్‌కున్నట్టు గుండ్రటి మీటలు, వాటి మీద అంకెలు. సాయంత్రాలు భజన గుడిలో వాయించేవాడు. తర్వాత అది అటకెక్కింది.

లేచి దగ్గరికెళ్లి చూశా. అదే మీటలు, అదే తీగలు, కానీ పెట్టె మా ఇంట్లోదానికి దాదాపు రెండింతల పొడవు. కింద పరిచిన దుప్పటి మీద ఒక పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎడమ చేయి మీటల మీద, కుడి చేతిలో ప్లాస్టిక్ బిళ్ల. పిక్‌అప్ బిగించి వైరును ఆంప్లిఫయర్‌కి కలిపారు, ఎకో పూర్తిగా పెంచేశారు. ఇదేంటని అడిగితే "బెంజూ" అని ఒక్క మాట చెప్పి మళ్లీ పనిలో పడ్డారు. రూముకొచ్చాక ఫోన్‌లో చదివితే తెలిసింది, దీని తాత జపాన్‌వాడట. 1912లో నగోయాలో తైషోగోతో అని తయారైంది. అది మన దేశానికొచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది, బలోచ్‌వాళ్ల చేతిలో పడి పొడవు పెరిగి బెంజూ అయింది. మా నాయన అటక మీది పెట్టే, సీబ్ పెళ్లి పందిట్లోదీ వరసకు అన్నదమ్ముల బిడ్డలన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేర్పుతారా అని మర్నాడే డ్రైవర్ చేత అడిగించా. నంబరిచ్చారు. దాదాపు నాలుగు వారాలు ఫోన్ చేస్తూనే ఉన్నా, ఎత్తలేదు. ఇష్టం లేక ఎత్తడం లేదేమో, నేనే ఎగబడుతున్నానేమో అని సిగ్గేసింది కూడా. చివరికి తెలిసిందేంటంటే ఆయన సుహార్‌లో కూతురింట్లో ఉన్నారు, ఫోన్ ఇంట్లో మర్చిపోయి వెళ్లారు. నవంబరు 15న ఎత్తారు. "వచ్చే శుక్రవారం అసర్ నమాజు తర్వాత రా."

నవంబరు 22న వెళ్లా. మొదటిరోజు ఉత్త చేతులతో వెళ్లకూడదని డ్రైవర్ చెబితే 3 రియాళ్లు పెట్టి ఒమానీ హల్వా తీసుకెళ్లా. "వష్ ఆత్కే" అన్నారు గుమ్మంలో. రా రా, బాగా వచ్చావు అన్నట్టు. పెద్దవాళ్లని వాళ్లు 'వాజా' అంటారు, మనం 'అయ్యా' అన్నట్టు. నేనూ అలాగే పిలిచా. ఆయన నన్ను ఆర్నెల్లూ 'బచ్చా' అనే అన్నారు. నాకు నలభై ఒకటి.

సుల్తాన్ సైన్యంలో పనిచేసి రిటైరయ్యారట. వాళ్ల నాన్న గ్వాదర్ నుంచి వచ్చారట, ఇప్పుడది పాకిస్తాన్ తీరంలో ఊరు. "అప్పుడు పాస్‌పోర్టు ఎవరడిగారు, గ్వాదర్ కూడా మస్కట్ కిందే కదా" అన్నారు. 1958 దాకా గ్వాదర్ ఒమాన్ చేతిలోనే ఉండేదని నాకు ఆ రోజే తెలిసింది. ఇద్దరం మాట్లాడుకున్నది గల్ఫ్ హిందీలో. ఆయన ఉర్దూ బాగుంటుంది, నాదే అవస్థ.

బెంజూ గోడకి ఆనించి ఉంది, మీద ఎర్ర గుడ్డ కప్పి. నా కళ్లు దాని మీదే. ఆయన మాత్రం "లే, చప్పట్లు కొట్టు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పారు. దో-చాపీ నేర్చుకోకుండా బెంజూ ముట్టుకోనివ్వను. చాప్ అంటే చప్పట్లే. దో-చాపీ అంటే రెండు చప్పట్ల ఆట. మగవాళ్లు గుండ్రంగా నిలబడి, లోపలికి వంగుతూ రెండు చప్పట్లు చరిచి, వెనక్కి అడుగేసి, ఒళ్లు తిప్పి, మళ్లీ లోపలికి వస్తారు. చూడ్డానికి ఇంతే. వేస్తే తెలిసింది. చప్పట్లు పడేటప్పటికి కాలు నేల మీద ఉండకూడదు, దిగుతూ ఉండాలి. నేను కాలు ఆనించాక చరుస్తున్నా. ఆ కాస్త తేడాకే ఆయన తల అడ్డంగా ఊపారు, ఆ సాయంత్రం ఎన్నిసార్లో లెక్కలేదు.

తప్పు ఎక్కడుందో నాకు తర్వాత వెలిగింది. చిన్నప్పుడు ఊళ్లో చెక్కభజన వేసేవాణ్ణి. కాళ్లకి గజ్జెలు, చేతిలో చెక్కలు, మధ్యలో గురువు పాట. మాకు అడుగూ చెక్కా ఒకేసారి పడాలి, లేకపోతే గురువు బెత్తం. ముప్పై ఏళ్లయినా కాళ్లు మర్చిపోలేదు. ఆ సంగతి చెబితే వాజా "ఏదీ, చూపించు" అన్నారు. ఖాళీ చేతులతో, ఆ సిమెంటు వాకిట్లో చెక్కభజన వేశా. ఆయన మనవళ్లు నవ్వి నవ్వి పడిపోయారు. ఆయన నవ్వలేదు. కాళ్ల వంకే చూస్తూ, "బాగుంది. కానీ ఇది మీ గుడి అడుగు. ఇక్కడ పక్కన పెట్టు" అన్నారు.

నాలుగు శుక్రవారాలు చప్పట్లే. అరచేతులు ఎర్రబడి మర్నాడు స్పానర్ పట్టుకుంటే మంట. చప్పట్లకేనా ఇంత దూరం వచ్చేదని కోపం వచ్చింది. రానూపోనూ 2 రియాళ్లు, సెలవున్నది వారానికి ఒక్కరోజు. మూడోవారం అడిగేశా. ఆయన చెప్పింది ఇదీ: పెళ్లిలో వాయించేవాడు మీటలు చూడడు, ఎదురుగా తిరిగే కాళ్లు చూస్తాడు. అలిసిపోతున్నారంటే బిళ్ల కాస్త నెమ్మదించాలి, ఊపులో ఉన్నారంటే తోలాలి. కాలి బరువు ఎప్పుడు దిగుతుందో నీ ఒంటికి తెలియకపోతే నీ చేయి ఏం చూసి కొడుతుంది? అప్పటికి తల ఊపాను గానీ నమ్మలేదు.

ఈలోగా నా బెంజూ గొడవ. నవంబరు 22నే కరాచీలో చేసినది తెప్పించమని వాళ్ల బంధువు ఒకాయనకి డబ్బులిచ్చా. 45 రియాళ్లు వాయిద్యానికి, తెచ్చే ఆయనకి 5. "పది రోజులు" అన్నారు. సరిగ్గా ఆరు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఆ బంధువు ఫోన్ పది రోజులు స్విచాఫ్. డబ్బులు పోయాయనే అనుకున్నా. రూములో వాళ్లు సానుభూతి చూపిస్తూనే ఎగతాళి చేశారు. జనవరి 3న దుప్పట్లో చుట్టుకుని వచ్చింది.

విప్పి చూస్తే నాలుగు మీటలు నొక్కితే లేవడం లేదు. తీగల్లో రెండు మెలిపడి ఉన్నాయి. ఏడుపొక్కటే తక్కువ. మీట కింది స్ప్రింగులు వదులై ఉన్నాయంతే. నా టూల్ బ్యాగ్‌లో ఉన్న సన్నటి నోస్ ప్లయర్‌తో అరగంటలో సరిచేశా. తొమ్మిదేళ్ల ఏసీ పని ఇక్కడ పనికొచ్చింది. తీగలకు వేరే వెతకక్కర్లేదు, మస్కట్‌లోనే రువీలో సంగీత వాయిద్యాల షాపులో దొరికే గిటారు ఉక్కు తీగలు సన్నవి సరిపోయాయి. కొనేవాళ్లు రెండు జతలు కొనుక్కోండి. సముద్రపు గాలికి మూడు వారాల్లో తుప్పు గరుకు వేలికి తగులుతుంది. వాయించాక పొడి గుడ్డతో తుడిచి పెట్టాలని నాకెవరూ చెప్పలేదు.

ఇంక అసలు వాయించడం. మీటలు నొక్కడం వారంలో వచ్చేసింది. నాయన బుల్‌బుల్ చూసి పెరిగినవాణ్ణి, అదేం పెద్ద విద్య కాదు. నొక్కిన మీట తీగని మెట్టు మీదికి అదుముతుంది, స్వరం అక్కడే ఉంటుంది, తప్పిపోదు. నన్ను తిప్పలు పెట్టింది కుడి చేయి. పాట తీగలు రెండు ఒకే శ్రుతిలో ఉంటాయి, మిగతావి ఊరికే మోగుతూ ఉండే తీగలు. బిళ్ల వాటన్నిటి మీదుగా పోతూ డోల్‌తో పాటు నడవాలి. నేనేమో నాయనలాగా ఒక్కో స్వరానికి ఒక్కో దెబ్బ, టింగ్ టింగ్ అని. వాజా నా ఎడమ చేతిని పట్టుకుని తీసి నా ఒళ్లో పెట్టారు. "ఇది లేదనుకో." రెండు శుక్రవారాలు మీట నొక్కకుండా ఉత్త బిళ్లే. కళ్లు మూసుకుని కొడుతుంటే ఒకచోట, బిళ్ల పైకి లేచేటప్పుడు, నా మోకాలు దానంతటదే ఊగింది. చప్పట్ల కాలు! అప్పటికి నమ్మాను ఆయన్ని.

రూములో ఆరుగురం. రాత్రి డ్యూటీవాళ్లు పగలు పడుకుంటారు, పగటి డ్యూటీవాళ్లు రాత్రి. వాయించడానికి వేళ లేదు. తీగల కింద పాత సాక్సు మడిచి దూరిస్తే మోత చాలావరకు చచ్చిపోతుంది, వేళ్ల సాధనకి అది చాలు. గట్టిగా వాయించాలంటే మేడ మీదికి, నీళ్ల ట్యాంకుల పక్కకి. జనవరి చలి బాగానే ఉంటుంది, మస్కట్‌లో చలేంటి అనుకోకండి. వాచ్‌మన్‌కి టీ పోయించాల్సి వచ్చింది.

వాజా ఒకరోజు ఫోన్‌లో నూర్ బఖ్ష్‌ని చూపించారు. పాకిస్తాన్‌లో మక్రాన్ తీరాన పస్ని వైపు ఉండే బెంజూ ఉస్తాద్, ముసలితనంలో, 2022 తర్వాత దేశదేశాలకు తెలిశారు. ఎడారిలో కూర్చుని వాయిస్తున్నారు. వాజా వీడియో ఆపి, "కుడి చేయి చూడు" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు.

ఫిబ్రవరి 14 సంగతి వేరుగా చెప్పాలి. ఆ రోజు పాఠం అయ్యాక వాజా స్నేహితుడొకాయన సురోజ్ పట్టుకొచ్చారు. చెక్కను తొలిచి, కింది భాగానికి తోలు బిగించిన వాయిద్యం. ఒళ్లో నిలబెట్టుకుని కమాను లాగుతారు. పాట తీగల కింద ఇంకొన్ని తీగలు ఎవరూ ముట్టుకోకుండానే మోగుతూ ఉంటాయి. ఆయన జహీరోక్ అందుకున్నారు. తాళం లేదు. డోల్ లేదు. నా చేతులు అలవాటుగా చప్పట్లకి లేస్తే వాజా కళ్లతోనే వద్దన్నారు.

జహీర్ అంటే దూరమైన మనిషి మీద బెంగ. ఆ బెంగతో పాడేది జహీరోక్. ఆడవాళ్లు తిరగలి దగ్గర పాడేవారట, మగవాళ్లు ఒంటెల మీద దూరం పోతూ పాడుకునేవారట. తిరగలి అనగానే నాకు మా అవ్వ వచ్చేసింది. తెల్లవారుజామున ఇసుర్రాయి ముందు కాలు చాపుకుని, రాగులు పోస్తూ, రాయి తిరిగినంతసేపూ ఏదో ఒకటి పాడేది. రాయి ఆగితే పాట ఆగేది. పదాలు ఒక్కటీ గుర్తు లేవు నాకు. ఆ సురోజ్ సాగదీసి, సాగదీసి ఒకచోట కిందికి జారింది చూడండి, అది అవ్వ పిండి పక్కకి తోసి గుక్క తిప్పుకునే చోటులాగే ఉంది. నీళ్లు తిరిగాయి కళ్లల్లో. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ గదిలో ఉన్న నలుగురమూ ఇల్లు వదిలి వచ్చినవాళ్లమో, వచ్చినవాళ్ల బిడ్డలమో. బస్సులో వస్తూ ఇంటికి ఫోన్ చేశా. అవ్వ పాటలు ఏమన్నా గుర్తున్నాయా అని అమ్మని అడిగా. "ఇంత రాత్రప్పుడు ఏమైంది రా నీకు, ఒంట్లో బాగుందా?" అంది.

అదే ఊపులో వచ్చేవారం ఒక తప్పు చేశా. గ్వాతీ పాటొకటి నేర్పమని అడిగా. గ్వాత్ అంటే గాలి. ఎవరికన్నా గాలి పడితే రాత్రంతా సురోజ్ వాయించి, ఆ మనిషి ఊగి ఊగి తేలికపడేదాకా ఉంటారు. మా సీమలో 'గాలి సోకింది' అంటామే, అచ్చం అదే మాట. అందుకే అడిగా. వాజా మొహం మారిపోయింది. "అది మందు. జబ్బు లేకుండా మందు తింటావా?" అన్నారు. ఆ రోజు పాఠం పావుగంటలో అయిపోయింది. తర్వాత నేనా ఊసెత్తలేదు.

మార్చి 1న రంజాన్ మొదలైంది. నెలంతా పాఠాలు లేవు, బెంజూ మీద ఎర్ర గుడ్డ తీయలేదు. ఈ సంగతి ముందే లెక్కలో వేసుకుని ఉండాల్సింది. నేను సాక్సు పెట్టుకుని రూములో వేళ్లు ఆడించాను గానీ, ఏప్రిల్ 4న వెళ్లేసరికి కుడి చేయి మళ్లీ టింగ్ టింగ్ దగ్గరికొచ్చింది. ఆయన తిట్టలేదు. "17న పెళ్లి ఉంది. ఒక పాట నువ్వు వాయిస్తున్నావు" అన్నారు. టెన్షన్‌తో అన్నం దిగలేదు రెండు వారాలు.

ఏప్రిల్ 17, గురువారం రాత్రి. మళ్లీ సీబే. డ్రైవర్ తన షల్వార్ ఒకటి ఇచ్చాడు. దాని వెడల్పు చూస్తే మన ఊళ్లో ఇద్దరికి ప్యాంట్లు కుట్టొచ్చు. కట్టుకోవడం రాక బొందు రెండుసార్లు ఊడింది. గోడ అవతల ఆడవాళ్ల వైపు నుంచి "హాలో, హాలో" అని పాట. మొదటి పెళ్లిలో ఎవరో మైకులో ఫోన్ మాట్లాడుతున్నారనుకున్నా. అవి పెళ్లికొడుకునో పెళ్లికూతురినో ముస్తాబు చేసేటప్పుడు పాడే పాటలట. అటువైపు ఫోన్ ఎత్తొద్దు, ఫోటో అనొద్దు అని డ్రైవర్ ముందే చెప్పాడు, మీకూ చెబుతున్నా.

పన్నెండున్నరకి వాజా జరిగి చోటిచ్చారు. నా బెంజూ ఒళ్లో పెట్టుకున్నా. డోల్ అతను నా వైపు చూసి నవ్వాడు. మొదటి నిమిషం నా కళ్లు మీటల మీదే. తర్వాత ధైర్యం చేసి తలెత్తా. ఎదురుగా ముప్పై నలభై మంది గుండ్రంగా, వంగి, చప్పట్లు, వెనక్కి. వాళ్ల పాదాలు దిగే చోట నా బిళ్ల పడుతోంది. పడుతోంది! అలా ఎంతసేపో తెలియదు, రెండు నిమిషాలేనని తర్వాత డ్రైవర్ వీడియో చూపించాడు.

టప్‌మని పాట తీగ తెగింది. తుప్పు. వేలికి గరుకు తగులుతూనే ఉంది, పెళ్లయ్యాక మారుద్దామని బద్ధకించా. మిగిలిన తీగ మీద లాగుదామనుకుంటే బిళ్ల జారి కింద పడింది. చెవుల్లో ఎకో. వాజా నా వంక చూడనేలేదు, అదే దెబ్బ మీద తన బెంజూ అందుకున్నారు, పాట ఎక్కడా తెగలేదు. నేలలోకి కూరుకుపోయినట్టుంది నాకు. ఆయన గడ్డంతో ముందుకి చూపించారు, పో అన్నట్టు.

వెళ్లి వరసలో దూరా. అటువైపు ఒక కుర్రాడు, ఇటువైపు ఒక ముసలాయన. కాలు దిగుతుండగా రెండు చప్పట్లు. ఒక్కసారి కూడా తప్పలేదు. ముప్పావుగంట ఆడా. షల్వార్ బొందు కూడా నిలిచింది.

రెండు దాటాక లేవా మొదలైంది. అది ఆఫ్రికా నుంచి ఈ తీరాలకి వచ్చినవాళ్ల ఆట, డోళ్ల హోరు వేరేగా ఉంటుంది. నాతో వచ్చిన రూమ్మేట్ చాంద్రాయణగుట్ట వాడు. అప్పటిదాకా కుర్చీలో కునుకు తీస్తున్నవాడు గభాల్న లేచి, "అన్నా, గిది మా బరాత్‌ల మర్ఫా లెక్కనే ఉంది గదా!" అన్నాడు. మర్ఫా అంటే హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో వాయించే డప్పుల మోత. అందులోనూ సిద్దీల చేయి ఉంది, నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిలవాళ్లు, ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) బస్తీ పేరు వాళ్లదే. వాడికి ఇవేం తెలియవు. వెళ్లి లేవాలో దూరిపోయాడు, తెల్లారేదాకా రాలేదు.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. వాయిద్యం తెప్పించడానికి 50, తీగలూ బిళ్లలూ కలిపి 4, హల్వా 3, పదిహేను పాఠాలకి దారి ఖర్చు 30. మొత్తం 87 రియాళ్లు, అప్పటి రేటుకి మన డబ్బుల్లో పందొమ్మిది వేల పైచిలుకు. వాజా పైసా తీసుకోలేదు. ఒకసారి కవర్లో పెట్టి ఇస్తే వాకిలి దాటాక మనవడు పరిగెత్తుకొచ్చి నా జేబులో పెట్టి పోయాడు.

మే నెలాఖరులో సెలవు మీద ఇంటికొచ్చా. బెంజూ తెద్దామనే అనుకున్నా. కానీ మే 2న మనవాళ్లు పాకిస్తాన్ సరుకు దిగుమతి మొత్తం ఆపేశారు. ఆ నెలలో పరిస్థితులు ఎలా ఉన్నాయో తెలిసిందే. కరాచీలో చేసిన పెట్టెను ఎయిర్‌పోర్టులో విప్పి ఏం చెప్పుకోవాలి? వాజా ఇంట్లోనే పెట్టి వచ్చా. ఆయన తన బెంజూ పక్కన ఆనించి, రెంటి మీదా కలిపి ఎర్ర గుడ్డ కప్పారు. పెద్ద గుడ్డేం కాదు, నాదాని చివర బయటికే ఉంది.

ఇంటికొచ్చిన మూడోరోజు అటక దించా. నీలం పెట్టె రెక్సిన్ ఎలుకలు కొరికేశాయి, మీటల్లో మూడు లేవడం లేదు. నోస్ ప్లయర్ తీశా. రువీ నుంచి తెచ్చిన తీగలు కట్టా. నాయన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. దో-చాపీ కొంచెం వాయించా, ఎడమ చేయి పెద్దగా కదపకుండా. "పాటేదిరా ఇందులో?" అన్నాడు. కానీ ఆయన కుడి కాలు బొటనవేలు అరుగు అంచున కదులుతోంది.

వాజా అడిగింది ఒకటే, ఆ చిన్న పెట్టెని ఒకసారి చూడాలని. ఆగస్టులో వెళ్లేటప్పుడు పట్టుకెళ్తానంటే నాయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. "చూపించి మళ్లీ తీసుకురా. అక్కడే పెట్టేసి రావద్దు."